క్లోజ్డ్ క్యాప్షన్లలో అక్షరాల తారుమారు

క్లోజ్డ్ క్యాప్షన్లు అనగా టెలివిజన్ కార్యక్రమంలోని మాటలను, శబ్దాలను వీక్షకుడు కోరినపుడు తెరపై అక్షరాలుగా చూపే సదుపాయం. ప్రసారం సరిగా అందనపుడు బొమ్మ చూడదగినట్లే ఉన్నా ఈ అక్షరాలు తారుమారు కావచ్చు. వినగలిగేవారు తప్పును మాటతో సరిచూసుకుంటారు. వినికిడి లేనివారికి ఆ ఆధారం లేదు. బొమ్మలోనే కలిపి ముద్రించిన సినిమా ఉపశీర్షికలు, వార్తల స్క్రోలింగు మాత్రం బొమ్మతోపాటే మసకబారుతాయి తప్ప ఒక అక్షరం మరొకటిగా మారదు.

కారణం

అమెరికాలో 1980లో మొదలైన అనలాగ్ పద్ధతిలో ఈ అక్షరాలు తెరపై కనబడని 21వ గీతలో సంకేతాలుగా ప్రయాణించేవి. ఒక్కొక్క అక్షరానికి ఏడు బిట్లు, తనిఖీకి ఎనిమిదవది. ఒక బిట్టు తప్పితే తనిఖీలో దొరికిపోతుంది. ఆ అక్షరం స్థానంలో నిండు గడి కనబడుతుంది. రెండు తప్పితే దొరకదు. ఆంగ్ల అక్షరాలు ‘ఎ’, ‘బి’ల సంకేతాలకు తేడా సరిగ్గా రెండు బిట్లే. వరుసను నిర్ణయించే ఆజ్ఞ పోతే వాక్యమే చెదురుతుంది గనుక అటువంటి ఆజ్ఞలను రెండేసిసార్లు పంపేవారు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాలు

రామంతాపూర్‌లోని దూరదర్శన్ కేంద్రం దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరమే. అయితే సంకేతానికి బలం వేరు, శుభ్రత వేరు. యాంటెన్నాల కాలంలో నేరుగా వచ్చిన తరంగం వెనుకే భవనాలను తాకి వచ్చిన తరంగం ఆలస్యంగా చేరితే తెరపై నీడబొమ్మ ఏర్పడేది. భారతదేశపు పాల్ పద్ధతికి తగిన అక్షర ప్రసారం టెలిటెక్స్ట్. దూరదర్శన్ దానిని 1985లో ఢిల్లీలో ప్రారంభించింది. దాని వేగం సెకనుకు 69,37,500 బిట్లు. ఒక బిట్టు కాలంలో తరంగం 43 మీటర్లు పోతుంది. విజయవాడ రహదారి పక్కన ఒక మేడపై యాంటెన్నా ఉండి, దాని వెనుక 22 మీటర్లలో మరొక మేడ గోడ ఉన్నదనుకుంటే తిరిగివచ్చే తరంగానికి అదనపు దూరం దాదాపు అంతే. అప్పుడు నీడబొమ్మ జరిగేది తెర వెడల్పులో సుమారు 360వ వంతు, కంటికి ఆనదు. కాని ఒక బిట్టు పూర్తిగా తరువాతి బిట్టుపై పడుతుంది. 21వ గీతలో బిట్టు దాదాపు 600 మీటర్ల పొడవు గనుక ఇంత దగ్గరి ప్రతిఫలనాన్ని అది తట్టుకోగలదు.

డిజిటల్ ప్రసారంలో

హైదరాబాదులో కేబుల్ డిజిటలీకరణకు గడువు 2013 మార్చి 31. డిజిటల్ పద్ధతిలో తప్పులను కొంతమేర సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. ఆ హద్దు దాటితే బొమ్మ ఒక్కసారిగా గళ్ళుగా విరుగుతుంది. కుండపోత వానలో డిష్ గల ఇళ్ళలో ఇది తెలిసిన విషయమే. పోయిన బొమ్మ ముక్కను తరువాతి చిత్రాలు పూడుస్తాయి, పోయిన పదం మాత్రం సాధారణంగా తిరిగిరాదు.

సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ 2019లో వినికిడి లోపం గలవారి కొరకు టెలివిజన్ ప్రమాణాలను ప్రకటించింది. క్యాప్షన్లలో తప్పు కనబడినపుడు అదే కార్యక్రమాన్ని వేరే కనెక్షన్ గల పొరుగింట చూడటం మంచిది. అక్కడా అదే తప్పు ఉంటే లోపం తీగలో గాని, డిష్‌లో గాని కాక ప్రసారం బయలుదేరిన చోటనే ఉండే అవకాశం ఎక్కువ.