టర్బో కారునకు తగిన క్లచ్చు, ఫ్లైవీలు

కారు ఇంజనులో పుట్టిన శక్తి చక్రములను చేరుటకు ముందు రెండు భాగములను దాటవలసియున్నది. మొదటిది ఫ్లైవీలు, రెండవది క్లచ్చు. బండి చక్కగా నడచుచున్నంత కాలము ఈ రెండింటిని ఎవరును తలపరు. ఇంజను బలమును పెంచిన నాడు వాని విలువ తెలియవచ్చును.

చిక్కబళ్ళాపురము జిల్లాలో మంచేనహళ్ళి మొదలు బాగేపల్లి, చింతామణి వరకు గల తెలుగు పల్లెలకు బెంగుళూరు దగ్గర. అచ్చట దొరకు సరకును, సలహాయును ఈ పల్లెలకు త్వరగానే చేరును. ఇంజను కంప్యూటరు లోని అమరికను మార్పించి టర్బో కారు బలమును పెంచుకొనుట వానిలో ఒకటి. మార్పు ఒక పూటలో ముగియును. కాని ఆ అధిక బలమును మోయవలసిన క్లచ్చు మాత్రము పాతదే. అది నందికొండ మలుపులలో, వెనుక బండ్లు వరుసగా నిలిచియున్న వేళ జారినచో కలుగు చిక్కు చిన్నది కాదు. కావున ఈ రెండు భాగములను ఎట్లు ఎన్నుకొనవలెనో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

టర్బో చేయు పని

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినకొలది నిప్పు రగులును. ఇంజనులోను అంతే. ఎక్కువ గాలిని లోనికి త్రోసిన ఎక్కువ ఇంధనము మండును. టర్బో అట్టి తిత్తియే. ఇంజను విడుచు పొగ వేగముతో ఒక చిన్న చక్రము తిరుగును. అదే ఇరుసున రెండవ కొననున్న చక్రము గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను. అమెరికాలో 1962లో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వెయిర్ కార్లతో ఇది ప్రయాణపు కార్లలో ప్రవేశించినది. మన దేశములో 2017లో వచ్చిన బాలెనో ఆర్.ఎస్., నెక్సాన్ వంటి వానితో చిన్న టర్బో పెట్రోలు ఇంజనులు సామాన్య గృహస్థునకు అందుబాటులోనికి వచ్చినవి.

ఈ జిల్లా సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న పీఠభూమి. ఇచ్చట గాలి తీరప్రాంతముకన్న పలుచన. మామూలు ఇంజను ఆ మేరకు బలము కోల్పోవును. టర్బో ఆ లోటును చాలవరకు పూరించును.

అయితే క్లచ్చు విషయమున ఒక ముఖ్యాంశమును గమనింపవలెను. క్లచ్చుపై పడు భారము అశ్వశక్తిని బట్టి కాక, టార్కు అనబడు తిప్పుడు బలమును బట్టి ఉండును. బాలెనో ఆర్.ఎస్. ఇంజను నిమిషమునకు 1700 చుట్ల వద్దనే తన పూర్తి టార్కు, అనగా 150 న్యూటన్ మీటర్లు, ఇచ్చెడిది. టర్బో లేని ఇంజనులో టార్కు మెల్లగా పెరుగును. టర్బో ఇంజనులో అది తక్కువ చుట్లలోనే ఒక్కసారిగా వచ్చి మీదపడును. పెద్ద గేరులో బండి నెమ్మదిగా ఎక్కునప్పుడు క్లచ్చు జారుటకు ఇదియే కారణము.

క్లచ్చు బలమును లెక్కించు విధము

క్లచ్చు ప్లేటు ఫ్లైవీలునకును ప్రెషర్ ప్లేటునకును నడుమ ఇమిడియుండును. డయాఫ్రం స్ప్రింగు ప్రెషర్ ప్లేటును గట్టిగా అదిమిపట్టుటచే మూడును ఒక్కటిగా తిరుగును. పెడలు త్రొక్కినపుడు ఆ పట్టు విడును. ఈ పట్టు మోయగల టార్కు నాలుగింటి గుణకారము: రాపిడి ముఖముల సంఖ్య, రాపిడి గుణకము, అదుముడు బలము, సగటు వ్యాసార్ధము.

ఒక ఉదాహరణ తీసికొందము. ప్లేటు బయటి వ్యాసము 200 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసము 140 మిల్లీమీటర్లు అనుకొన్నచో సగటు వ్యాసార్ధము 85 మిల్లీమీటర్లు. ముఖములు రెండు. రాపిడి గుణకము 0.27. అదుముడు బలము 4,500 న్యూటన్లు. వీనిని గుణించిన సుమారు 206 న్యూటన్ మీటర్లు వచ్చును. 150 టార్కు గల ఇంజనునకు ఇది చాలినంత. కాని అమరిక మార్చి ఆ ఇంజనును 200కు పెంచినచో మిగిలినది ఆరు మాత్రమే. ప్లేటు అరిగినపుడు అదుముడు బలము మారును. వేడెక్కినపుడు రాపిడి తగ్గును. గేరు మార్చినపుడు కుదుపులు కలుగును. వీనికై మూడు పదుల శాతము అదనపు బలము ఉంచుట మేలు. అనగా 200 టార్కునకు 260 మోయగల క్లచ్చు వలయును.

దీనిని సాధించుటకు మార్గములు మూడు. మొదటిది అదుముడు బలమును 4,500 నుండి సుమారు 5,670 న్యూటన్లకు పెంచుట. ఇందువలన పెడలు బరువెక్కును. పెడలు త్రొక్కిన ప్రతిసారి ఆ బలము క్రాంకు కడ్డీని ముందునకు నెట్టుచు దాని త్రస్టు బేరింగును అరగదీయును. బజారు రద్దీలో నిత్యము నడుపువాని కాలికి ఇది శిక్షయే. రెండవ మార్గము రాపిడి గుణకమును 0.34కు పెంచుట. పెడలు బరువు మారదు గాని బండి కదలు తీరు మారును. మూడవది రెండు ప్లేట్ల క్లచ్చు. ముఖములు నాలుగగుటచే అదే అదుముడుతో బలము రెట్టింపై 413 చేరును. ఇది వెల ఎక్కువైనది. 260 చాలినచోట దీని అవసరము లేదు.

రాపిడి పదార్థములు

కార్లకు కర్మాగారమునుండి వచ్చు ఆర్గానిక్ ప్లేటు మృదువుగా పట్టును. సగము పట్టి సగము విడిచి బండిని మెల్లగా కదల్చుటకు ఇంతకన్న మంచిది లేదు. మితిమీరిన వేడి దీనికి శత్రువు. కెవ్లార్ నార కలిసిన ప్లేటు కూడ మృదువైనదే. ఎక్కువ కాలము మన్నును. కాని క్రొత్తలో ఓపికతో అలవాటు చేయవలెను. సిరామిక్ బిళ్ళలు గల ప్లేటు వేడిని బాగుగా ఓర్చుకొనును, పట్టు గట్టిది. అయితే పట్టినచో పూర్తిగా పట్టును, విడిచినచో పూర్తిగా విడుచును. సంత రోజున జనము నడుమ అంగుళమంగుళము కదలవలసిన బండికి అది తగదు.

అమ్మకందారులు స్టేజి ఒకటి, స్టేజి రెండు అని పేర్లు పెట్టుచుందురు. వీనికి అందరు ఒప్పుకొన్న కొలత లేదు. ఒకరి రెండు మరొకరి మూడు కావచ్చును. కొనువాడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ క్లచ్చు ఎన్ని న్యూటన్ మీటర్లు మోయును?

ఫ్లైవీలు బరువు

కుమ్మరి సారెను కర్రతో నాలుగు మార్లు త్రిప్పి విడుచును. కుండ తయారగు వరకు అది తిరుగుచునే యుండును. బరువైన అంచు శక్తిని దాచుకొని కొంచెము కొంచెముగా ఇచ్చుటయే దీనికి హేతువు. ఇంజనులో ఇంధనము ఎడతెగక మండదు, ఉండియుండి మండును. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు సగము చుట్టునకు ఒకమారు, మూడు సిలిండర్ల ఇంజనులో 240 డిగ్రీలకు ఒకమారు మండును. ఆ మధ్యకాలమున ఇంజనును నడుపునది ఫ్లైవీలే.

ఫ్లైవీలును తేలిక చేసిన ఇంజను త్వరగా పుంజుకొనును. ఎంత త్వరగా అనునది గేరును బట్టి యుండును. అంచు బరువులో 3 కిలోలు తగ్గించితిమి అనుకొందము. అది ఇరుసునకు 10 సెంటీమీటర్ల దూరములో ఉన్నచో, మొదటి గేరులో మొత్తము నిష్పత్తి 14, చక్రపు వ్యాసార్ధము 28 సెంటీమీటర్లు గల బండిలో ఆ తగ్గింపు 75 కిలోల సామాను దించినదానితో సమానము. నిష్పత్తి 8 గల రెండవ గేరులో 25 కిలోలు. నిష్పత్తి 3.2 గల పెద్ద గేరులో నాలుగు కిలోలు మాత్రమే. దీనినిబట్టి తేలిక ఫ్లైవీలు పందెపు బండికి లాభమనియు, హైవేలో పెద్ద గేరున సాగు బండికి దానివలన ఒరుగునది అత్యల్పమనియు తేలుచున్నది.

నష్టములు మాత్రము అన్నివేళల ఉండును. మూడు సిలిండర్ల ఇంజను నిలిచియున్నపుడు వణకును. గేరు పెట్టె గలగలలాడును. బండిని కదల్చునపుడు ఇంజను తేలికగా ఆగిపోవును. గేరు మార్చుటలో ఆలస్యమైనచో చుట్లు త్వరగా పడిపోయి, టర్బో ఒత్తిడి సడలి, కుదుపు కలుగును.

వేడి సంగతి

బండి కదలునపుడు క్లచ్చు కొంత జారక తప్పదు. ఆ జారుడులో పుట్టు వేడి, సమతలముపై, బండి పొందు చలన శక్తికి ఇంచుమించు సమానము. పైన చెప్పిన నిష్పత్తులు గల 1,100 కిలోల బండిని 3,000 చుట్ల వద్ద కదల్చినచో సుమారు 21,700 జౌళ్ళ వేడి పుట్టును. అదే 1,500 చుట్ల వద్ద కదల్చినచో 5,400 జౌళ్ళు. చుట్లు సగమైన వేడి నాలుగవ వంతగును. ఎత్తుదారిలో ఈ అంకెలు ఇంకను పెరుగును.

ఆ 21,700 జౌళ్ళను ఎనిమిది కిలోల ఇనుప ఫ్లైవీలు ఒక్కటే పీల్చుకొన్నచో దాని వేడి ఆరు డిగ్రీలు పెరుగును. ఐదు కిలోలదైనచో తొమ్మిది డిగ్రీలకు మించి పెరుగును. ఇది మొత్తము ముద్దకు సగటు. రాపిడి జరుగు ముఖమున క్షణకాలము వేడి ఇంతకన్న ఎన్నియో రెట్లుండును. ఆగి ఆగి కొండ ఎక్కువానికి బరువైన ఫ్లైవీలు వేడిని దాచు గాదె వంటిది. బ్రేకుకు బదులు క్లచ్చుతో బండిని ఎత్తుదారిన నిలుపువాడు ఎంత వెలగల క్లచ్చునైనను మాడ్చును.

రెండు ముక్కల ఫ్లైవీలు

జర్మనీకి చెందిన లూక్ సంస్థ 1985లో రెండు ముక్కల ఫ్లైవీలును విరివిగా తయారుచేయ మొదలిడెను. రెండు చక్రముల నడుమ స్ప్రింగులుండి ఇంజను వణకును మ్రింగును. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న హోసూరులో ఆ సంస్థకు కర్మాగారము కలదు. దాని భారతీయ శాఖ 2018లో షాఫ్లర్ ఇండియాలో విలీనమైనది. ఇట్టి ఫ్లైవీలు గల కారులో దానిని తీసి ఒకే ముక్క ఫ్లైవీలు పెట్టించుకొనువారు, స్ప్రింగులు గల క్లచ్చు ప్లేటునే తప్పక ఎన్నుకొనవలెను. లేనిచో ఆ వణకు నేరుగా గేరు పెట్టెకు చేరును.

ప్రాణముతో ముడిపడిన మాట

పోత ఇనుప ఫ్లైవీలును స్థానిక లేతు మెషిన్ పై చెక్కించి తేలిక చేయించుట చౌక మార్గముగా తోచును. ఇది ప్రమాదకరము. తిరుగు చక్రములోని లాగుడు వేగపు వర్గమును అనుసరించి పెరుగును. 3,000 చుట్ల వద్ద ఉన్నదానికి 6,000 చుట్ల వద్ద నాలుగు రెట్లు. పోత ఇనుము అణచుటకు ఓర్చును గాని లాగుటకు ఓర్వదు. చెక్కినచోట పగులు పుట్టినచో ముక్కలు గేరు పెట్టె తొడుగును చీల్చుకొని డ్రైవరు కాళ్ళకు తగులగలవు. అమెరికాలో 1970 మార్చి 8న డాన్ గార్లిట్స్ అను ప్రఖ్యాత పందెగాని బండి గేరు పెట్టె పగిలి, అతని కుడి పాదములో కొంత భాగము పోయినది. ఆ దేశపు పందెములలో క్లచ్చునకు, ఫ్లైవీలునకు ఎస్.ఎఫ్.ఐ. అను సంస్థ ప్రమాణ ముద్ర అడుగుట ఇట్టి ప్రమాదముల నివారణకే. తేలిక ఫ్లైవీలు వలయునన్న ఉక్కుతో చేసి, సమతూకము పరీక్షించి, ప్రమాణ ముద్ర గలదానినే కొనవలెను.

వేగము చూపదలచినవారికి స్థలములు వేరుగా కలవు. కోయంబత్తూరు తెలుగు కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్, మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చు పందెపు బండ్లను రూపొందించి సామాన్య యువకులకు ఆ క్రీడను చేరువ చేసిరి. వారు 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. వారి పేరిట కోయంబత్తూరు వద్ద 2003లో పందెపు బాట వెలసినది. అట్టి బాటలకు తగిన సిరామిక్ ప్లేటు, తేలిక ఫ్లైవీలు ఊరి దారికి తగవు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములతో పొసగని మార్పులను నిషేధించుచున్నదను మాటయు మరువరాదు.

ఎన్నుకొను క్రమము

మొదట క్లచ్చు నిజముగా జారుచున్నదా అని చూడవలెను. ఖాళీ దారిలో, పెద్ద గేరులో, మధ్యమ వేగమున యాక్సిలరేటరు త్రొక్కినపుడు బండి వేగము పెరుగక ఇంజను చుట్లు మాత్రమే పెరిగిన అది జారుటయే. తరువాత ఇంజను టార్కును తెలిసికొని దానికి మూడు పదుల శాతము కలుపవలెను. ఆ అంకెకు సరిపడు క్లచ్చులలో అన్నిటికన్న మృదువైన పదార్థము గలదానిని ఎన్నుకొనవలెను. నిత్యము నడుపు బండికి ఫ్లైవీలు బరువు మార్చకుండుటయే మేలు.

బిగించునపుడు రిలీజు బేరింగును క్రొత్తది వేయించి, ఫ్లైవీలు ముఖమును సరిచేయించి, క్రాంకు వెనుక సీలునుండి నూనె కారుచున్నదేమో పరీక్షింపవలెను. నూనె సోకిన ప్లేటు ఎంత మంచిదైనను జారును. బోల్టులను టార్కు రెంచితో, కంపెనీ చెప్పిన బిగువునకే బిగింపవలెను. పిదప కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపి ప్లేటును అలవాటు చేయవలెను.

మంచేనహళ్ళికి అనతిదూరములోని ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930వ దశకమున మన దేశములో మోటారు కార్ల పరిశ్రమ నెలకొల్పవలెనని పాటుపడిరి. ఆనాడు కారు విదేశపు వస్తువు. నేడు అది పల్లె వాకిట నిలిచియున్నది. దాని బలమును పెంచదలచినవాడు ఖర్చు పెట్టుటకు ముందు ఒక కాగితముపై నాలుగు అంకెలను గుణించి చూచుకొన్నచో డబ్బును, బండిని, తన కాళ్ళను కాపాడుకొనగలడు.