డెట్రాయిట్ నడిబొడ్డున అద్దె ఇల్లు

అమెరికాలోని డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో, బాగుచేసిన పాత భవనంలో సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్ కావాలంటే నెలకు 1,500 నుంచి 2,000 డాలర్ల దాకా అద్దె పలుకుతుంది. పై అంతస్తుల్లో, కొత్త టవర్లలో ఇంకా ఎక్కువే. న్యూయార్క్‌లో అద్దె కట్టినవారికి ఇది చవక. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగినవారిలో చాలామందికి అందని ధర. నగరంలో మధ్యస్థ కుటుంబ ఆదాయం ఏడాదికి 40,000 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటి ఖర్చు ఉండకూడదని అమెరికాలో ఒక లెక్క. ఆ లెక్కన అలాంటి కుటుంబం నెలకు 1,000 డాలర్ల అద్దె భరించగలదు. 1,700 డాలర్ల ఫ్లాట్‌లో ఉండాలంటే ఏటా 68,000 డాలర్ల సంపాదన ఉండాలి.

ఈ భవనాలు ఒకప్పుడు అద్దెకు అడిగే దిక్కులేక పడివున్నాయి. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల 50 వేలు. 2020 నాటికి 6 లక్షల 39 వేలు మిగిలింది. కార్ల ఫ్యాక్టరీలు శివార్లకు, ఇతర రాష్ట్రాలకు తరలాయి. కొత్త ఫ్రీవేల వెంట తెల్లవారి కుటుంబాలు శివార్లకు వెళ్ళిపోయాయి. ఆ రోడ్ల కోసం, నగర పునర్నిర్మాణం కోసం నల్లజాతివారి బ్లాక్ బాటమ్ పేటను నేలమట్టం చేశారు. నగరమంతా బట్టలు కొనుక్కున్న హడ్సన్స్ దుకాణం 1983లో మూతపడింది, 1998లో ఆ భవనాన్నే పేల్చి కూల్చేశారు. 2013లో 1,800 కోట్ల డాలర్ల అప్పుతో నగరపాలక సంస్థ దివాలా పిటిషన్ వేసింది.

అయితే తిరిగి లేవడం దివాలాకు ముందే మొదలైంది. 2004లో క్యాంపస్ మార్షస్ పార్కు తెరిచారు. 2010లో క్వికెన్ లోన్స్ సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని శివారు నుంచి డౌన్‌టౌన్‌కు మార్చింది. దాని అధిపతి డాన్ గిల్బర్ట్ ఖాళీ భవనాలు ఒక్కొక్కటే కొనడం మొదలుపెట్టారు. ఉద్యోగులొస్తే సరిపోదు, సాయంత్రం ఆరు దాటితే వీధులు నిర్మానుష్యం. అందుకని 2011లో కొన్ని పెద్ద సంస్థలు కలిసి ఒక పథకం పెట్టాయి: డౌన్‌టౌన్‌లో అద్దెకు దిగే తమ ఉద్యోగికి మొదటి ఏడాది 2,500 డాలర్లు, రెండో ఏడాది 1,000 డాలర్లు. ఎదురు డబ్బిచ్చి అద్దెకు పిలిచిన చోటే, కొన్నేళ్ళకు ఫ్లాట్ కోసం వరుసలో నిలబడాల్సి వచ్చింది.

అక్కడికి మనుషులను లాగేది ముందుగా ఆ కట్టడాలే. 1915 నాటి డేవిడ్ విట్నీ భవనం 2014లో హోటల్‌గా, ఫ్లాట్లుగా మళ్ళీ తెరుచుకుంది. 1926లో కట్టిన 38 అంతస్తుల బుక్ టవర్ ఏళ్ళ తరబడి చీకట్లో ఉండి, మరమ్మతుల తర్వాత 2023లో తెరుచుకుంది. లోపలికి అడుగుపెడితే తలెత్తి చూడాల్సిన గాజు గుమ్మటం ఉంటుంది. అంత ఎత్తైన కప్పు, అలాంటి రాతి పని ఇప్పుడు కొత్తగా కట్టించే ఫ్లాట్లలో దొరకవు. రెండో ఆకర్షణ నడక. ఆఫీసు, బేస్‌బాల్ స్టేడియం, నది ఒడ్డు అన్నీ కాలినడక దూరమే. ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద 2017 నుంచి ట్రామ్ కూడా నడుస్తోంది. కార్లకు పుట్టినిల్లయిన ఊళ్ళో కారు తీయకుండా రోజు గడవడం చిన్న సంగతి కాదు.

కారు ఉంటే మాత్రం అద్దెతో ఖర్చు ఆగదు. పార్కింగ్‌కు నెలకు 200 డాలర్లు దాటడం మామూలే. కారు బీమా ప్రీమియం దేశంలోనే అత్యధికంగా ఉండే నగరాల్లో డెట్రాయిట్ ఒకటి. అడ్వాన్సు విషయంలో మిషిగన్ చట్టం అద్దెదారు పక్షాన ఉంది: నెలన్నర అద్దెకు మించి తీసుకోకూడదు. పిల్లలున్నవారు డౌన్‌టౌన్‌లో తక్కువ. ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్, క్యాంటన్ వంటి శివారు ఊళ్ళలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడటానికి అక్కడి బళ్ళు పెద్ద కారణం. డౌన్‌టౌన్ ఫ్లాట్లు ఎక్కువగా ఒంటరి ఉద్యోగులవి, కొత్త జంటలవి.

అద్దె ఇంతెందుకంటే, సిమెంటుకు, లిఫ్టుకు, కరెంటు పనివాళ్ళ కూలికి పేద నగరమని తగ్గింపు ఉండదు. ఖర్చు పెద్ద నగరాల స్థాయిలో పెట్టాలి, అద్దె డెట్రాయిట్ స్థాయిలో రాబట్టాలి. అద్దెదారుకు భారమైన మొత్తమే బిల్డర్‌కు చాలదు. ఆ తేడాను ప్రజల సొమ్ము పూడుస్తుంది. చారిత్రక భవనాన్ని పద్ధతి ప్రకారం బాగుచేస్తే, అయిన ఖర్చులో 20 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ పన్నులో మినహాయింపు వస్తుంది. స్థానిక ఆస్తిపన్నులోనూ ఏళ్ళ తరబడి రాయితీలున్నాయి.

ప్రజల సొమ్ము తీసుకున్నప్పుడు ప్రజలకూ చోటివ్వాలన్నది న్యాయం. 2017లో నగరం ఒక నియమం చేసింది. నగరం నుంచి పెద్ద సాయం పొందిన ప్రాజెక్టులు తమ ఫ్లాట్లలో 20 శాతం తక్కువ ఆదాయంవారికి కేటాయించాలి. ఆ ఆదాయ పరిమితి ప్రాంతీయ మధ్యస్థ ఆదాయంలో 80 శాతం. చిక్కంతా ఆ ‘ప్రాంతీయ’ అన్న మాటలో ఉంది. సంపన్నమైన ఓక్‌లాండ్ కౌంటీ శివార్లు కూడా అందులో కలుస్తాయి కాబట్టి ఆ మధ్యస్థ ఆదాయం పైకి లేస్తుంది. ‘తక్కువ అద్దె’ ఫ్లాట్ సైతం నగరంలోని మామూలు కుటుంబం చేతికి అందకుండా పోవచ్చు. డెట్రాయిట్‌లో ఇల్లు డెట్రాయిట్ వారి సంపాదన చూసే కొలవాలి. అద్దెల మీదే పరిమితి పెట్టే వీలు నగరానికి లేదు. 1988లో మిషిగన్ రాష్ట్రం స్థానిక అద్దె నియంత్రణను చట్టం చేసి నిషేధించింది. అందుకే లీజు ముగిసిన ప్రతిసారీ కొత్త అద్దె ఎంతన్నది యజమాని చేతిలోనే ఉంటుంది.

ఈ మార్పు ఎవరి మీదుగా నడిచిందో గ్రిస్‌వోల్డ్ వీధిలోని ఒక భవనం చూపిస్తుంది. అందులో ఏళ్ళుగా ప్రభుత్వ అద్దె సాయంతో వృద్ధులు ఉండేవారు. భవనం చేతులు మారాక 2013లో వారికి ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. డౌన్‌టౌన్ పాడుబడ్డ రోజుల్లోనూ దాన్ని విడిచిపోని మనుషులు వాళ్ళు. మరమ్మతులయ్యాక ఆ భవనానికి డెట్రాయిట్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్ గుర్తుగా ‘ది ఆల్బర్ట్’ అని పేరు పెట్టి, ఫ్లాట్లను మార్కెట్ అద్దెకు ఇచ్చారు.