డెంగీకి నానో మందు వచ్చిందా?

వానలు మొదలైతే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ డెంగీ భయమే. పోయిన వారం కుప్పం నుంచి మా ఖాలా ఫోన్ చేసింది. "బేటా, డెంగీ వైరస్ ఒంట్లోకి దూరకుండా ఆపే నానో చుక్కలు వచ్చాయంట కదా, మదనపల్లెలో దొరుకుతాయా?" వాట్సాప్‌లో చూసిందంట. అందులో సగం నిజం ఉంది, అందుకే రాస్తున్నా.

నానో అంటే మన రైతులకు నానో యూరియా సీసా గుర్తొస్తుంది. అసలు అది కొలత. ఒక మిల్లీమీటరుకు 10 లక్షల నానోమీటర్లు. డెంగీ వైరస్ దాదాపు 50 నానోమీటర్లు ఉంటుంది. నేను చదివింది బీకాం, లెక్క వేసి చూశా: మిల్లీమీటరు గీత మీద 20 వేల వైరస్‌లు వరుసగా నిలబడతాయి.

వైరస్ తనంతట తాను పెరగలేదు, మన కణంలోకి దూరాల్సిందే. దూరే ముందు కణం పైనుండే హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర పోగులను పట్టుకుంటుంది. డెంగీ ఒక్కటే కాదు, హెర్పిస్, పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ కూడా అంతే. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌లో ఫ్రాన్సెస్కో స్టెల్లాచి బృందం ఆ పోగులను పోలిన పూతతో బంగారు నానో రేణువులు తయారుచేసింది. 2017 డిసెంబర్‌లో 'నేచర్ మెటీరియల్స్' పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. వైరస్ వాటినే కణం అనుకుని పట్టుకుంటుంది. ఇట్లాంటి ఉచ్చులు అంతకుముందూ ఉన్నాయి. కానీ మందు పలచబడితే వైరస్ విడిపోయి మళ్లీ పనిలో దిగేది. ఈ రేణువులు వైరస్‌ను గట్టిగా నొక్కి దాని ఆకారాన్నే చెడగొడతాయి. తర్వాత విడిచిపెట్టినా అది పనికిరాదు.

అయితే అప్పుడు డెంగీ మీద చూసింది ల్యాబ్‌లో పెంచిన కణాల్లోనే. ఎలుకల్లో పరీక్షించింది ఆర్‌ఎస్‌వీ మీద. బంగారమేమో ఒంట్లో కరిగేది కాదు. అందుకని 2020లో వాళ్లే జెనీవా, మాంచెస్టర్ యూనివర్సిటీల వాళ్లతో కలిసి సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర పదార్థంతో ఇదే పని చేసి చూపించారు.

ఖాలా అడిగిన చుక్కలు మాత్రం లేవు. డెంగీ వైరస్‌ను చంపే మందంటూ ఏదీ ఇంకా ఆమోదం పొందలేదు. ఎవరైనా అమ్మితే కొనకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గిందని నిమ్మళించకండి, ఆ ఒకటి రెండు రోజులే గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇదంతా చెప్తే ఖాలా విని, "అయితే నీళ్ల డ్రమ్ము కడగాల్సిందేనా" అనింది. అవును ఖాలా, వారానికొకసారి, మూత కూడా పెట్టు.