రాక్షసిబల్లికి ఫోటో తీద్దాం రండి

అమలాపురం చుట్టుపక్కల పొలం దున్నినా, నుయ్యి తవ్వినా రాక్షసిబల్లి ఎముక దొరకదు. కాని మన రాష్ట్రాల్లో పేరుపొందిన రాక్షసిబల్లి ఎముకలు బయటపడింది కూడా ఈ గోదావరి లోయలోనే, బాగా ఎగువన. నది ఒకటే కదా, మనకెందుకు దొరకదు?

కారణం మన నేల వయస్సు. కోనసీమ అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. మన కాళ్ల కింది మట్టి గత ఆరేడు వేల సంవత్సరాలలో పేరుకున్నది. రాక్షసిబల్లులు అంతరించి 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలయింది. నిన్న కట్టిన గోడ మీద ముత్తాతగారి చేతిరాత వెదికితే దొరుకుతుందా?

అందుచేత దాన్ని చూడాలంటే హైదరాబాదు వెళ్లాలి. అక్కడి బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. శని, ఆదివారాలు కలిసివచ్చినప్పుడు నలుగురు స్నేహితులు, ఇంట్లో పెద్దవారొకరు కలిసి ఒక బండిలో బయలుదేరవచ్చు. కెమెరా ఉంటే సరే, లేకపోతే ఫోను చాలు. దానితోపాటు ఒక పొడుగాటి స్కేలు మరచిపోకండి. ఎందుకో తరువాత చెబుతాను.

కొవ్వూరు మీదుగా వెళితే పంగిడి, గౌరీపట్నం ప్రాంతంలో నల్లరాతి క్వారీలు కనిపిస్తాయి. లోపలికి దిగకండి, దూరం నుంచే ఫోటో తీయండి. ఆ రాయి పేరు బసాల్ట్. ఒకప్పుడు ఎర్రగా మరిగిన లావా! దక్కను పీఠభూమిలో నేల బీటలువారి లావా పొంగిన కాలం, రాక్షసిబల్లుల చివరి కాలం ఒకటే. ఆ లావా పాతకాలపు నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి తీరందాకా వచ్చిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రాజమండ్రి పక్కన కాతేరులో రెండు లావా పొరల నడుమ సున్నపురాయి ఉంది, అందులో గవ్వల శిలాజాలున్నాయి. అంటే మొదటి లావా చల్లారాక అక్కడ ఉప్పునీరు నిలిచింది, గుల్లపురుగులు బతికాయి, ఆ తరువాత మళ్లీ లావా వచ్చి వాటిని కప్పేసిందన్నమాట. ఇదే రాయి కోనసీమ అడుగున కూడా చాలా లోతులో ఉంది. చమురు కోసం బోర్లు వేసినవారు ఆ పొరకు మన రాజోలు పేరే పెట్టారు!

ఇక కోటాసారస్ దగ్గరకు వద్దాం. 1970ల చివరలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే 840 ఎముకలు దొరికాయి. కనీసం 12 జంతువులవని తేలింది. 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. కోటా అన్నది ఎముకలున్న రాతిపొర పేరు, సారస్ అంటే గ్రీకులో బల్లి. సుమారు 9 మీటర్ల పొడవు, రెండున్నర టన్నుల బరువు, పొడుగాటి మెడ. పేరుకే రాక్షసి, తినేది ఆకులూ అలములే. అది బతికినది సుమారు 18 కోట్ల సంవత్సరాలకు పూర్వం. పంగిడి నల్లరాయి దానికంటే ఎంత చిన్నదో లెక్కవేసుకోండి.

ఒక సంగతి గమనించాలి. దీని పుర్రె దొరకలేదు. మ్యూజియంలో మీరు చూసే తల దగ్గరి బంధువులను బట్టి ఊహించి చేసినది. అందరూ ముందుగా ఫోటో తీసేది ఆ తలకే! తీయండి, తప్పులేదు. కాని ఫోటో కింద ‘ఇది ఊహ’ అని రాసిపెట్టుకోండి. వెన్నుపూసలు, కాళ్లు ఊహ కావు.

ఫోటో తీయవచ్చునో లేదో టిక్కెట్టు దగ్గరే అడగండి. తీయనిస్తే ఎక్కడ నిలబడాలి? తలకు 2 మీటర్ల ఎదురుగా నిలబడితే తోక చివర మీకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. దూరం ఎన్ని రెట్లయితే ఫోటోలో వస్తువు అన్ని రెట్లు చిన్నదిగా పడుతుంది. కాబట్టి తల బ్రహ్మాండంగా, తోక ఎలుక తోకలా వస్తాయి. అదే పక్కకు వెళ్లి, నడుముకు ఎదురుగా 10 మీటర్ల దూరాన నిలబడితే తల, తోక రెండూ మీకు సుమారు 11 మీటర్ల దూరంలోనే ఉంటాయి. కొలతలు దాదాపు సరిగా వస్తాయి. అంత చోటు లేకపోతే ముక్కలు ముక్కలుగా తీసి అతికించుకోవచ్చు.

స్కేలు ఎందుకంటే, ఒంటరి ఎముక ఫోటో చూసి అది కోడిదో కోటాసారస్‌దో ఎవరూ చెప్పలేరు. ఎముకకు ఎంత దూరమో మీకూ అంతే దూరంలో ఒక స్నేహితుడు స్కేలు పట్టుకోవాలి. మీకు దగ్గరగా పట్టుకుంటే స్కేలు పెద్దదై, ఎముక చిన్నదైపోతుంది. ఎముకను మాత్రం తాకవద్దు. ఫ్లాష్ కూడా వద్దు. ఎదురుగా పడే వెలుగులో గుంటలు, గాట్లు కనబడకుండా పోతాయి, పక్కనుంచి పడే వెలుగులోనే తేలి కనిపిస్తాయి.

గోదావరి లోయలోనే దొరికిన మరో పెద్ద జంతువు బారాపాసారస్. బెంగాలీలో ‘బొరొ పా’ అంటే పెద్ద కాలు. తొడ ఎముక 1.7 మీటర్లుందట, మీ నాన్నగారి ఎత్తు! 1975లో రవీంద్రనాథ్ టాగూర్ పేరు కలిపి దానికి బారాపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. అది కలకత్తాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాని ఫోటోకు శని, ఆదివారాలు చాలవు, వేసవి సెలవులు రావలసిందే.