ఆర్‌సీ4, ఏఆర్‌సీ4, ఆర్క్‌ఫోర్... ఒకే అల్గారిథమ్‌కి ఇన్ని పేర్లు ఎందుకు?

పైథాన్, జావా ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలు వాడినవాళ్లకి 'ఏఆర్‌సీ4', 'ఆర్క్‌ఫోర్' అనే పేర్లు కనిపించే ఉంటాయి. ఇవి కొత్త అల్గారిథమ్‌లు కావు, ఆర్‌సీ4కి పెట్టిన మారుపేర్లు. అసలు పేరు ఉండగా మారుపేరు దేనికి? ట్రేడ్‌మార్క్ వల్ల!

అసలు ఏం జరిగింది?

1987లో రాన్ రివెస్ట్ ఆర్‌సీ4ని తయారుచేశారు. ఆర్‌ఎస్‌ఏ డేటా సెక్యూరిటీ కంపెనీ దాన్ని ట్రేడ్ సీక్రెట్‌గా దాచిపెట్టింది. పేటెంట్ తీసుకుంటే అల్గారిథమ్‌ని బయటపెట్టాలి, పైగా గడువు ఉంటుంది. ట్రేడ్ సీక్రెట్‌కి గడువు లేదు, కానీ ఒక్కసారి లీకైతే ఇక రహస్యమే ఉండదు.

సరిగ్గా అదే జరిగింది. 1994 సెప్టెంబర్‌లో ఎవరో పేరు చెప్పకుండా ఆ కోడ్‌ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తే అవుట్‌పుట్ అచ్చం అలాగే వచ్చింది.

రహస్యం పోయింది కానీ పేరు మాత్రం కంపెనీ చేతిలోనే ఉంది. కోడ్ రాసుకోవచ్చు, దానికి 'ఆర్‌సీ4' అని పేరు పెడితే మాత్రం గొడవ. అందుకే డెవలపర్లు ముందు 'ఏ' తగిలించారు. 'ఆర్‌సీ4 అని చెబుతున్నది' అని దాని అర్థం.

మన దేశంలో అయితే?

పేటెంట్స్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి అల్గారిథమ్‌కి పేటెంట్ రాదు. పేరుని మాత్రం ట్రేడ్‌మార్క్స్ చట్టం, 1999 కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. 10 ఏళ్లకోసారి రెన్యువల్ చేస్తూ పోతే చాలు. కాబట్టి మీ యాప్‌కి పేరు పెట్టేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఒకసారి వెతకండి.

పేరు చూసి మోసపోవద్దు

పాత వైఫై సెక్యూరిటీ డబ్ల్యూఈపీ నడిచింది ఆర్‌సీ4 మీదే. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ దాని లోపాన్ని బయటపెట్టారు. 2015లో టీఎల్‌ఎస్‌లో ఆర్‌సీ4 వాడకాన్నే నిషేధించారు. కాబట్టి లైబ్రరీలో ఏఆర్‌సీ4 కనిపిస్తే అది వేరే, సేఫ్ అనుకోకండి. లోపల ఉన్నది అదే ఆర్‌సీ4.

దీనికి రివర్స్ కూడా ఉంది. ఓపెన్‌బీఎస్‌డీలోని 'ఏఆర్‌సీ4ర్యాండమ్' ఫంక్షన్ మొదట్లో ఆర్‌సీ4తోనే పనిచేసేది. తర్వాత లోపల చాచా20 పెట్టారు, పేరు మాత్రం మార్చలేదు. అంటే మారుపేరు ఉన్నచోట పాత సరుకు, పాత పేరు ఉన్నచోట కొత్త సరుకు!

ఇప్పుడు మీరేం చేయాలి?

మర్పల్లిలో ఇంట్లో ఉన్న పాత రౌటర్ అయినా, హైదరాబాద్‌లో హాస్టల్ వైఫై అయినా సెట్టింగ్స్ ఓపెన్ చేసి చూడండి. డబ్ల్యూఈపీ లేదా టీకేఐపీ ఉంటే ఆర్‌సీ4 ఇంకా నడుస్తున్నట్టే. వెంటనే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్‌కి మార్చండి, డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మంచిది.