మబ్బులోకి మారిన సైన్యపు చిట్టా

పిల్లలూ, పెళ్ళివారింటి కొట్టుగది ఎప్పుడైనా చూశారా? బియ్యం బస్తాలు, బెల్లం దిమ్మలు, నూనె డబ్బాలు, విస్తళ్ళ కట్టలు అన్నీ అందులోనే ఉంటాయి. తాళంచెవి మేనత్తగారి కొంగున ఉంటుంది. ఏది ఏ మూల ఉన్నదో ఆవిడ ఒక్కరికే తెలుసు. పంక్తిలో వడ్డించేవాడు, "ఉప్పు! ఉప్పు!" అని కేకవేస్తాడు. ఆ సమయానికి మేనత్తగారు కనబడరు. ఇంట్లో బస్తాడు ఉప్పు ఉండి కూడా చప్పటి పప్పే తిని లేస్తారు పెళ్ళివారు.

అచ్చంగా ఇట్లాగే ఒకసారి అమెరికా సైన్యానికి జరిగింది. 1990 లో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమెరికా తన సేనలను సౌదీ అరేబియాకు పంపింది. వారి వెనకనే సామగ్రితో నిండిన ఇనుప పెట్టెలు ఓడల మీద వచ్చాయి. ఒక్కొక్కటి గదంత పెద్దది. అటువంటివి దాదాపు 40,000! ఏ పెట్టెలో ఏమున్నదో చాలావాటికి సరిగా తెలియదు. సగానికి పైగా పెట్టెలను తలుపులు తెరిచి చూడవలసి వచ్చింది. బండి చెడిపోయిన దళంవారు విడిభాగం కావాలని అడుగుతారు. జవాబు రాకపోతే మళ్ళీ అడుగుతారు, మూడోసారీ అడుగుతారు. ఈ విధంగా అక్కర్లేని సామాను కూడా పేరుకుపోయింది. ఆ గుట్టలకు 'ఇనుప కొండలు' అని పేరు వచ్చింది.

సామాను ఉండటం వేరు, ఎక్కడ ఉన్నదో తెలియటం వేరు. అందుకే సైన్యానికి తుపాకులు ఎంత అవసరమో, చిట్టా కూడా అంత అవసరం.

ఆ చిట్టాలో ప్రతి వస్తువుకూ 13 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి 4 అంకెలు అది ఏ జాతి వస్తువో చెబుతాయి. 8430 అంటే మగవారి పాదరక్షలు. 6230 అంటే చేతిదీపాలు. తరవాతి 2 అంకెలు ఆ సంఖ్యను ఏ దేశం ఇచ్చిందో చెబుతాయి. మన భారతదేశపు గుర్తు 72. మిగిలిన 7 అంకెలూ ఆ వస్తువుకే సొంతం. 2610 తో మొదలైతే నేల మీద నడిచే బండి టైరు, 2620 తో మొదలైతే విమానం టైరు. తేడా ఒక్క అంకె!

ఇటువంటి చిట్టాలు చాలా ఏళ్ళుగా సైన్యంవారి సొంత కంప్యూటర్లలోనే ఉండేవి. వాటిని అద్దె కంప్యూటర్లలోకి మార్చే పని ఇటీవల మొదలయింది. ఈ అద్దె ఏర్పాటుకే 'క్లౌడు' అని పేరు. ఆ మాటకు మబ్బు అని అర్థం గాని, ఆకాశంలో ఏమీ లేదు సుమా! నేల మీదనే పెద్ద పెద్ద భవనాలలో వేలాది కంప్యూటర్లు రాత్రింబగళ్ళు పనిచేస్తూ ఉంటాయి. అమెజాన్ కంపెనీ వాటిని 2006 నుంచి అద్దెకు ఇస్తున్నది. మామూలు రోజుల్లో సైన్యపు చిట్టాకు పని కొంచెమే. యుద్ధమో, పెద్ద తుఫానో వస్తే అడిగేవాళ్ళు ఒక్కసారిగా పెరిగిపోతారు. పెళ్ళికి గుండిగలు కొంటామా? అద్దెకు తెచ్చుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేస్తాం గదా!

అమెరికాలో సేనల రవాణా చూసే విభాగం 'ట్రాన్స్‌కామ్'. 1987 లో ఏర్పడిన ఈ విభాగపు కార్యస్థానం ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్కాట్ వైమానిక స్థావరం. తన పనులను క్లౌడులోకి మార్చి చూద్దామని అది 2017 లో పూనుకున్నది. 2018 లో 95 కోట్ల డాలర్ల దాకా పోగల కాంట్రాక్టు ఒకటి ప్రకటించి, గొడవ లేవగానే దానిని 6.5 కోట్లకు తగ్గించారు. అయినా పోటీ కంపెనీ ఊరుకోలేదు. దాని ఫిర్యాదు న్యాయమేనని కాంగ్రెసువారి లెక్కల తనిఖీ సంస్థ తేల్చింది. యంత్రాలతో చిక్కుకంటె మనుషులతో చిక్కే పెద్దదేమో! చివరకు 2022 డిసెంబరులో అమెరికా రక్షణ శాఖ అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ అనే నాలుగు కంపెనీలతోనూ ఒప్పందం చేసుకున్నది. దాని గరిష్ఠ మొత్తం 900 కోట్ల డాలర్లు.

సరే, చిట్టాను మార్చటం ఎట్లా? ఇల్లు మారేటప్పుడు ఒకరోజు పొయ్యి వెలిగించకపోయినా గడుస్తుంది. ఈ చిట్టాకు ఒక్క పూట కూడా సెలవు లేదు. నకలు తీస్తున్నంతసేపూ ఎక్కడో ఒక ఆస్పత్రి గుడారం నుంచి కట్టుగుడ్డలు కావాలని కబురు వస్తూనే ఉంటుంది. అందుచేత కొంతకాలం పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపించి, రెండు లెక్కలూ సరిపోల్చుకుంటారు. సరిపోయాకనే పాతదాన్ని ఆపుతారు. ఇందులో ఒక తమాషా ఉన్నది. పాత చిట్టాలో ఎవరో పొరపాటున రాసిన లెక్క భద్రంగా కొత్త చిట్టాలోకి కూడా వచ్చేస్తుంది!

"బూట్లూ కోట్లూ రాసే చిట్టాలో రహస్యం ఏముంటుంది?" అని మీరు అడగవచ్చు. ఒక దళం ఉన్నట్టుండి పదివేల ఉన్నికోట్లు అడిగిందని శత్రువు చూశాడనుకోండి. ఆ దళం చలిదేశానికి పోతున్నదని ఇట్టే కనిపెట్టడూ? అందుకే రక్షణ శాఖవారు తమ సమాచారాన్ని తరగతులుగా విభజించారు. ఆ తరగతుల సంఖ్యలు 2, 4, 5, 6. వెనక 1, 3 కూడా ఉండేవి. వాటిని పక్క తరగతుల్లో కలిపేశారు. 6వ తరగతి రహస్యాలను వేరే కంప్యూటర్లలో, వేరే తీగల మీద ఉంచుతారు. భవనానికి కాపలా కంపెనీది. చిట్టా తెరిచే అధికారం ఎవరికి ఇవ్వాలో చూసుకోవలసింది మాత్రం సైన్యమే.

మరి ఓడ నడిసముద్రంలో ఉండగా తీగా అందక, రేడియో అందక మబ్బుతో సంబంధం తెగిపోతే? అప్పటికి పనికి వచ్చేటట్టు చిట్టాలో కొంత భాగాన్ని దగ్గరే ఉంచుకోవాలి. సంబంధం కలిశాక రెండు చిట్టాలనూ సరిచూడాలి. ఈలోగా ఉన్న ఒకే ఒక్క టైరును ఓడలోవారు ఒకరికి, ఒడ్డునవారు ఇంకొకరికి రాసి ఉంటే, ఎవరిది సరైన లెక్కో మబ్బు చెప్పలేదు. గిడ్డంగిలోకి ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని వెళ్ళి, టైరు ఉన్నదో లేదో చూసి రావలసిందే. ఆ టార్చిలైటుకూ 6230 తో మొదలయ్యే సంఖ్య ఒకటి ఉంటుంది లెండి!