పక్క సీటు టికెట్ ఎంత?

హైదరాబాద్–దిల్లీ విమానం తలుపులు మూసే వేళ. ఎకానమీలో మోకాళ్లు ముందు సీటుకు తగలకుండా సర్దుకునే తంటాలో ఉన్నారు జనం. తెర అవతల బిజినెస్ క్లాసులో రెండు సీట్లు ఖాళీ. ‘ఎలాగూ ఖాళీగా పోయేదే కదా, అక్కడ కూర్చోబెడితే వీళ్ల సొమ్మేం పోతుంది?’ అనిపించడం సహజం. కంపెనీ లెక్క వేరు. పోయేది ఓ పూట భోజనం ఖర్చు కాదు, రేపటి బేరం. చివరి నిమిషంలో ఊరికే ఇస్తారని తెలిస్తే, డబ్బు పెట్టి ముందు సీటు కొనేవాళ్లు కూడా వెనక టికెట్ తీసుకుని ఎదురుచూస్తారు. అందుకే ఆ సీటు ఖాళీగానైనా ఎగురుతుంది గానీ ఉచితంగా ఎగరదు.

అడిగితే రాదు, పాడుకోవాలి

మంచి చొక్కా వేసుకుని కౌంటర్‌లో నవ్వుతూ అడిగితే సీటు మారుస్తారన్నది పాతకాలపు ముచ్చట. ఊరికే ముందుకు పంపాల్సిన అవసరం కంపెనీకి ఎక్కువగా ఒక సందర్భంలోనే వస్తుంది: ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మి, కొన్నవాళ్లంతా వచ్చేసినప్పుడు. అప్పుడూ ఓ వరస ఉంటుంది. తరచూ ప్రయాణించేవారికిచ్చే కార్డు ఏ స్థాయిదో, టికెట్ ఎంతపెట్టి కొన్నారో చూసి పేర్లు పైకీ కిందకీ జరుగుతాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో ఎగిరిన మైళ్లకు బహుమతులిచ్చే పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ విధేయతకు విలువ కట్టడం ప్రపంచమంతా పాకింది.

మిగిలిన సీట్లకు ఇప్పుడు వేలంపాట నడుస్తోంది. ప్రయాణానికి కొద్దిరోజుల ముందు మెయిల్ వస్తుంది. తెరిస్తే తెర మీద ఓ గీత, దాని మీద జరిపే చుక్క. చుక్కను కుడివైపు లాగేకొద్దీ మొత్తం పెరుగుతుంది, మీ పాట నెగ్గే అవకాశం ‘తక్కువ’ నుంచి ‘బాగుంది’కి మారుతుంది. కార్డు వివరాలిచ్చి వదిలేయాలి. బయల్దేరే ముందు ఫలితం తెలుస్తుంది, నెగ్గితే డబ్బు కట్ అవుతుంది. ఎంతమంది పోటీలో ఉన్నారు, ఎంతకు కొట్టేశారు అన్నది పాడినవాళ్లకు తెలియదు. 2009లో మాంట్రియల్‌లో పుట్టిన ప్లస్‌గ్రేడ్ లాంటి సంస్థలకు ఈ వేలం నడపడమే వ్యాపారం. గుడి దగ్గర కొబ్బరికాయల వేలంలోనైనా పక్కవాడి పాట చెవిన పడుతుంది.

అరల్లో ధరలు

ఎకానమీ క్లాసు కంటికి ఒకటే. కంప్యూటర్‌లో మాత్రం అది ఎన్నో అరలు. వై, బి, ఎం, క్యూ... అని ఒక్కో అరకు ఒక్కో అక్షరం, ఒక్కో ధర, కొన్ని షరతులు. చవక అర నిండితే పై అర తెరుచుకుంటుంది. గిరాకీ తగ్గితే మూసిన అరను మళ్లీ తెరుస్తారు కూడా. నలుగురున్న కుటుంబం ఒకేసారి వెతికినప్పుడు చవక అరలో మూడు సీట్లే మిగిలుంటే, చాలా వ్యవస్థలు నలుగురికీ పై అర ధరే చూపిస్తాయి. విడివిడిగా వెతికితే ముగ్గురికి తక్కువలో దొరకొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఈ విద్యకు గురువు అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఒకప్పటి అధిపతి రాబర్ట్ క్రాండల్. అమెరికాలో 1978లో ధరల మీద ప్రభుత్వ పెత్తనం పోయాక పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థ చవక టికెట్లతో దూసుకొచ్చింది. క్రాండల్ విమానం మొత్తానికి ధర తగ్గించలేదు. 1985లో, ముందుగా కొనాలన్న షరతు మీద కొన్ని సీట్లను మాత్రం పోటీ ధరకు పెట్టాడు. మిగతావి ఆఖరి క్షణంలో పరిగెత్తుకొచ్చే వ్యాపారులకు పూర్తి ధరకే. అలాంటి లెక్కల యంత్రాంగం లేని పీపుల్ ఎక్స్‌ప్రెస్ 1987లో కాంటినెంటల్‌లో కలిసిపోయింది.

అయితే ముందు సీటు అమ్ముడుపోవాలంటే వెనక సీటు మరీ సుఖంగా ఉండకూడదు. ఈ కిటుకును 1849లోనే జూల్ దుపుయి అనే ఫ్రెంచ్ ఇంజినీరు పట్టేశాడు. ఆనాటి రైళ్లలో మూడో తరగతి పెట్టెలకు పైకప్పు వేయకపోవడం ఖర్చు మిగుల్చుకోవడానికి కాదని, రెండో తరగతి కొనగలిగినవాళ్లు అటు దిగిపోకుండా బెదరగొట్టడానికని ఆయన రాశాడు. నేడు కిటికీ సీటుకింత, కాళ్లు చాపుకొనే వరసకింత అని విడదీసి అమ్మడం వెనకా ఆ తర్కమే కనిపిస్తుంది. ఈ అమ్మకాల్లో కుటుంబాలు చెల్లాచెదురు కాకుండా, పన్నెండేళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

ఎక్కడ మండుతుంది?

ముందు కొన్నవాడికి తక్కువ, ఆలస్యంగా వచ్చినవాడికి ఎక్కువ అంటే జనం సర్దుకుపోతారు. అవసరం చూసి గుంజితేనే ఒళ్లు మండుతుంది. డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్, జాక్ నెచ్ అనే పరిశోధకులు 1986లో ప్రచురించిన సర్వేలో ఓ ప్రశ్న వేశారు: మంచు తుపాను మర్నాడు కొట్టువాడు మంచు ఎత్తే 15 డాలర్ల పారను 20 చేస్తే న్యాయమేనా? కాదన్నవాళ్లు 82 శాతం.

2025 డిసెంబరులో మన దగ్గర అదే జరిగింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాక ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దయ్యాయి, మిగతా విమానాల ధరలు చుక్కలంటాయి. ప్రభుత్వం రంగంలోకి దిగి, పన్నులు కాకుండా 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,000–1,500 మధ్య 15,000 మించకూడదని గీత గీసింది. హైదరాబాద్–తిరుపతి మొదటి గీతలోకి, హైదరాబాద్–దిల్లీ రెండో దానిలోకి వస్తాయి. ఏడాది పొడవునా ఇలా కట్టడి చేయడం సాధ్యం కాదని విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడు లోక్‌సభలో చెప్పారు. కొవిడ్ కాలంలో పెట్టిన పరిమితులూ 2022 ఆగస్టు 31తో ఎత్తేసినవే.

రైల్వే కూడా గిరాకీని బట్టి పెంచుతుంది. రాజధాని, శతాబ్ది, దురంతోల్లో 2016 సెప్టెంబరు నుంచి ప్రతి పది శాతం బెర్తులకు పది శాతం చొప్పున, ఓ పరిమితి దాటకుండా పెంచే పద్ధతి వచ్చింది. తిట్టుకున్నా, మెట్లెన్నో పైకప్పు ఎక్కడో అందరికీ తెలుసు. ఖాళీగా ఉన్న పై తరగతి బెర్తును వృథా చేయకుండా, అదనపు రూపాయి అడక్కుండా కింది తరగతి వాళ్లకిచ్చే ఆటో అప్‌గ్రేడేషన్ కూడా 2006 నుంచీ ఉంది. అలా ఖాళీ అయిన బెర్తు వెయిటింగ్ లిస్టువాళ్లకు దక్కుతుంది.

విమానంలో పై తరగతికి వెళ్లే హక్కు ప్రయాణికుడికి లేదు గానీ, కిందకు దించితే హక్కుంది. బిజినెస్ టికెట్ కొన్నవారిని దేశీయ ప్రయాణంలో ఎకానమీకి పంపితే, పన్నులతో కలిపి టికెట్ డబ్బులో 75 శాతం వెనక్కివ్వాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.

ధరలు మరింత చీకట్లోకి పోతాయన్న భయమూ ఉంది. తన దేశీయ టికెట్లలో 20 శాతానికి కృత్రిమ మేధతో ధర కట్టాలనుకుంటున్నట్లు అమెరికా విమాన సంస్థ డెల్టా 2025లో చెప్పగానే అక్కడి సెనేటర్లు వివరణ కోరుతూ లేఖ రాశారు. మనిషిని చూసి ధర మార్చడం లేదని సంస్థ బదులిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మన అలయన్స్ ఎయిర్ ఎదురుదారి పట్టింది. ఎప్పుడు కొన్నా ఒకటే ధర అంటూ కొన్ని మార్గాల్లో డిసెంబరు దాకా ప్రయోగం చేసింది.

ఏ మార్గంలో ఏ అర ధరెంతో పట్టిక వేసి నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టాలని విమాన సంస్థలకు డీజీసీఏ 2010లోనే చెప్పింది. అందులో కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా అంకెలుంటాయి. పండగ ముందురోజు చవక అరలో ఎన్ని సీట్లు ఉంచారన్నది మాత్రం ఉండదు. ప్రయాణికుడు అడగాల్సిన అంకె అదే.